మొదటి రైఫిల్: 600 డాలర్లలో 10/22 తీసుకోనా, ఏఆర్-15 తీసుకోనా?

ఫ్రిస్కో_శీను
మాది డాలస్ పక్కన. పోయినేడు మా ఇద్దరికీ గ్రీన్ కార్డు చేతికొచ్చింది. ఆఫీసు వాళ్లు నెలకోసారి షూటింగ్ రేంజ్‌కి వెళ్తుంటారు. కార్డు వచ్చాక నేనూ నాలుగుసార్లు వెళ్లి అద్దె రైఫిల్‌తో కాల్చా. బాగా నచ్చింది. ఇప్పుడు సొంతానికి ఒక సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (ఒక్కో నొక్కుకి ఒక్కో తూటా, తర్వాతది దానంతటదే ఎక్కేది) కొందామని ఉంది. బడ్జెట్ 600 డాలర్లు, పైసా ఎక్కువ లేదు.

షాపుకి వెళ్తే కౌంటర్ దగ్గరున్నతను మిలిటరీ తరహా ఏఆర్-15 చేతిలో పెట్టి "మొదటిసారి కొనేవాళ్లందరూ ఇదే పట్టుకెళ్తారు" అన్నాడు. ఆఫీసులో ఒకాయన మాత్రం చిన్న .22 తూటా కాల్చే రూగర్ 10/22 తప్ప ఇంకేదీ చూడొద్దంటున్నాడు. వీడియోలు చూస్తే ఇంకా బుర్ర తిరుగుతోంది. నేను వేటకి వెళ్లను. టార్గెట్ మీద సరిగ్గా కొట్టడం నేర్చుకోవాలి, అదే ముఖ్యం. ఇంట్లో 7 ఏళ్ల పాప, 3 ఏళ్ల బాబు ఉన్నారు. ఏది తీసుకోమంటారు?

ఓరుగల్లు_బిడ్డ
10/22 తీస్కో అన్నా. రెండో మాట లేదు.

బే_ఏరియా_బాబీ
టెక్సాస్‌లో ఉండి .22 కొంటారా! మా కాలిఫోర్నియాలో ఏఆర్ కావాలంటే పిస్టల్ గ్రిప్ (కింద పట్టుకునే పిడి) లేకుండానో, మ్యాగజైన్ (తూటాలు నింపి తగిలించే పెట్టె) ఊడిరాకుండా బిగించో అమ్ముతారు. మీకు ఆ బాధే లేదు. ఏఆర్ తీసుకోండి.

హెచ్1_హరి
శీను గారి టాపిక్‌లో దూరుతున్నా, ఏమనుకోకండి. నేను ఇంకా హెచ్1 మీదే ఉన్నా, ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయింది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకతను "హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే చాలు, నువ్వూ కొనుక్కోవచ్చు" అంటున్నాడు. నిజమేనా?

పాత_కాపు
శీను ప్రశ్నకి తర్వాత వస్తా. ముందు హరి సంగతి తేల్చాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే రైఫిల్ కాదు, బతుకే పోతుంది.

హెచ్1, హెచ్4, ఎఫ్1, ఎల్1, బి2 ఇవన్నీ నాన్ ఇమిగ్రెంట్ వీసాలు. ఫెడరల్ చట్టం ప్రకారం ఈ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. కొనడం మాత్రమే కాదు, దగ్గర ఉండటం. ఐ-140 అప్రూవ్ అయినా హెచ్1 హెచ్1నే, గ్రీన్ కార్డు చేతికి వచ్చేదాకా ఏమీ మారదు.

మినహాయింపు ఉన్న మాట నిజం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే కొనొచ్చు, ఉంచుకోవచ్చు. కానీ "చెల్లుబాటయ్యే" అన్న మాట దగ్గరే మనవాళ్లు కాలు జారుతున్నారు. టెక్సాస్ లైసెన్స్ ఏడాది సెప్టెంబర్ 1న మొదలై ఆగస్టు 31న ముగుస్తుంది. నువ్వు జులైలో లైసెన్స్ తీసుకుని రైఫిల్ కొన్నావనుకో, సెప్టెంబర్ 1 పొద్దున లేచేసరికి లైసెన్స్ చచ్చిపోయింది, రైఫిల్ మాత్రం అల్మారాలో ఉంది. ఆ పొద్దున్నుంచి నీ మీద ఫెడరల్ నేరం ఉన్నట్టే. ఎవరూ తలుపు కొట్టకపోవచ్చు. కానీ ఏదో యాక్సిడెంట్‌లో పోలీసు నీ కారు డిక్కీ తెరిస్తే?

షాపులో నింపే 4473 ఫారంలో వీసా గురించి సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అది ఇంకో నేరం. ఇన్నేళ్లు గ్రీన్ కార్డు కోసం లైన్లో నిలబడి దీని కోసం పోగొట్టుకోకు తమ్ముడూ. నీకంతగా కావాలనిపిస్తే ముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని అడుగు. నా సలహా అయితే ఆగు.

హెచ్1_హరి
అర్థమైంది అన్నా. ఆగుతా. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చడం వరకు పర్లేదు కదా?

పాత_కాపు
అదీ దగ్గర ఉంచుకోవడం కిందకే వస్తుంది. గంట సేపు చేతిలో ఉన్నా ఉన్నట్టే. అందుకే చాలా రేంజ్‌లలో సంతకం పెట్టించుకునే కాగితం మీద పౌరసత్వం, వీసా అడుగుతారు. మనవాళ్లు చదవకుండా టిక్కు పెట్టేస్తారు. నువ్వు చదువు.

గోదారి_గట్టు
ఈ విషయం నాకు ఇప్పటిదాకా తెలీదండి. మా బావమరిది ఎఫ్1 మీద వచ్చి మా ఇంట్లోనే ఉంటున్నాడు. నాకు సిటిజన్‌షిప్ ఉంది, రైఫిల్ నాది. అతనికి సేఫ్ కోడ్ కూడా తెలుసు. ఇప్పుడు భయం వేస్తోంది.

పాత_కాపు
ఇవాళే కోడ్ మార్చేయండి. అతనికి ఆ పెట్టె తెరిచే దారి లేకుండా చూసుకోండి. తెరవగలిగితే "అతని దగ్గరా ఉన్నట్టే" అని వాదించే వీలు లాయర్లకు ఇవ్వకూడదు.

గోదారి_గట్టు
మార్చేశానండి. ఇప్పుడే. మా ఆవిడ "అర్ధరాత్రి ఆ బీప్ బీప్ ఏంటి" అని లేచొచ్చింది.

లక్ష్మి_ఆస్టిన్
ఇక శీను గారి ప్రశ్న. మీ ముఖ్యమైన పని "సరిగ్గా కొట్టడం నేర్చుకోవాలి" అన్నారు కాబట్టి నేను కళ్లు మూసుకుని .22 అంటాను. ఎందుకో చెప్తా.

గురి నేర్చుకోవడం అంటే తూటాలు కాల్చడం. వందలు కాదు, వేలు. .22 ఎల్ఆర్ 500 తూటాల డబ్బా, రేంజ్‌లో అందరూ బ్రిక్ అంటారు, నాకు 40 డాలర్ల లోపు దొరుకుతోంది. ఏఆర్‌లో వాడే .223 అదే 500 కావాలంటే ఎంత బేరం చూసినా 220, 250 అవుతోంది. అంటే ఏఆర్ కొన్నవాళ్లు మొదటి నెల సరదాగా 200 కాల్చి, బిల్లు చూసుకుని, ఆ తర్వాత రెండు నెలలకోసారి 40 తూటాలతో సరిపెట్టుకుంటారు. చేతికి అలవాటు రాదు.

రెండోది ఉలికిపాటు. కొత్తవాళ్లు ట్రిగ్గర్ నొక్కే క్షణంలో చప్పుడు, తోపు వస్తాయని శరీరం ముందే బిగుసుకుపోతుంది. కళ్లు మూసుకుంటారు, భుజం ముందుకి తోస్తారు. గుండు కిందకి పోతుంది. ఏఆర్ తోపు నిజానికి తక్కువే, కానీ ఇండోర్ రేంజ్‌లో దాని పేలుడు గుండెల్లో తగులుతుంది. .22 తో ఆ భయం ఉండదు కాబట్టి చేసే తప్పు కంటికి కనపడుతుంది.

ఉలికిపాటు ఉందో లేదో ఇలా తెలుసుకోండి. పక్కవాళ్లతో మ్యాగజైన్ నింపించండి, మధ్యమధ్యలో రెండు డమ్మీ (మందు లేని) తూటాలు కలపమనండి. ఎక్కడున్నాయో మీకు తెలీకూడదు. డమ్మీ వచ్చినప్పుడు క్లిక్ మని ఊరుకుంటుంది. అప్పుడు మీ గొట్టం చివర చూడండి. అది కిందకి దూకితే మీ గురి అంతా ఇన్నాళ్లూ అక్కడే పోతోందని అర్థం. నాకు మొదటిసారి తెలిసినప్పుడు ఏడుపొచ్చింది, రెండేళ్లుగా స్కోప్‌ని తిట్టుకుంటున్నా మరి.

ఓరుగల్లు_బిడ్డ
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. నేను ఉల్టా చేసిన. ముందు ఏఆర్ కొన్న, ఏడాది తర్వాత 10/22 కొన్న. 10/22తోని ఆర్నెల్లు కాల్చినంక ఏఆర్ పట్టుకుంటె నాకే నమ్మబుద్ధి కాలె, అన్ని ఒక్క దగ్గర పడ్డయి.

బే_ఏరియా_బాబీ
నేర్చుకోవడానికి సరే, ఒప్పుకుంటా. కానీ ఇంటి రక్షణ కూడా కావాలంటే .22 చాలదు కదా. ఒకే ఒక్కటి కొనేవాడికి రెండు పనులూ చేసేది కావాలి. రూగర్ ఏఆర్-556, స్మిత్ అండ్ వెసన్ ఎంపీ-15 స్పోర్ట్ లాంటివి మంచి ధరలకే ఉన్నాయి మీ వైపు. పిస్టల్‌లో వాడే 9 ఎంఎం తూటా కావాలంటే రూగర్ పీసీ కార్బైన్ (పొట్టి రైఫిల్) ఉంది, గ్లాక్ మ్యాగజైన్లు పట్టే అడాప్టర్ కూడా ఉంటుంది.

ఫ్రిస్కో_శీను
రక్షణ అని నేను అనలేదు బాబీ, కానీ మనసులో ఒక మూల లేదని చెప్పలేను. షాపువాడు కూడా అదే మాటతో పట్టుకున్నాడు.

మాధవి_ఆర్
అందరూ ఏది కొనాలో చెప్తున్నారు, నేను అసలు కొనాలా అని అడుగుతాను. నన్ను తిట్టుకున్నా పర్లేదు.

3 ఏళ్ల బాబు ఉన్న ఇల్లు. మీరు 100 రోజులు జాగ్రత్తగా తాళం వేస్తారు. 101వ రోజు రేంజ్ నుంచి అలసిపోయి వస్తారు, ఫోన్ వస్తుంది, సంచీ సోఫా పక్కన పెట్టి బాల్కనీలోకి వెళ్తారు. నాకు భయం దొంగ గురించి కాదు, ఆ పది నిమిషాల గురించి.

ఇంకో మాట. మా స్నేహితుల్లో ఒకాయనకి ఉద్యోగం పోయింది, మనిషి మాటా పలుకూ మానేశాడు. ఇంట్లో గన్ను ఉంది. వాళ్లావిడ నాకు ఫోన్ చేసి ఏడ్చింది, ఏం చెయ్యాలో తెలీక. ఆ రోజే ఆయన్ని అడిగి, ఒప్పించి, చట్టప్రకారం ఉంచుకోగలిగిన ఇంకో స్నేహితుడి సేఫ్‌లోకి మార్చాం. ఐదు నెలలు అక్కడే ఉంది. ఆయన ఇప్పుడు బాగున్నారు, కొత్త ఉద్యోగం. కానీ ఆ ఐదు నెలలు నేను మర్చిపోలేను. కొనేముందు భార్యాభర్తలు ఈ మాట కూడా మాట్లాడుకోండి: మనలో ఎవరికైనా మనసు బాగోకపోతే ఇది ఎవరింటికి పంపుదాం?

పాత_కాపు
మాధవి గారి మాట ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. 22 ఏళ్లుగా రైఫిళ్లు ఉన్న ఇల్లు మాది. మా ఆవిడకీ నాకూ ఆ ఒప్పందం ఉంది. తను "నీ తాళం ఇవ్వు" అంటే ఎందుకని అడక్కుండా ఇచ్చేయాలి. మా నాన్న పోయిన ఏడాది ఒకసారి అడిగింది. ఇచ్చాను.

సీమ_పెద్దోడు
మా జేజినాయనకి అనంతపురం దగ్గర పల్లెలో ఒంటి గొట్టం తుపాకీ ఉండేది, లైసెన్సుది. శనగ చేలో పందులు పడకుండా. దాన్ని గోడ మీద పైన, పిల్లోళ్లకి అందకుండా పెట్టి, తూటాలు మాత్రం ట్రంకు పెట్టెలో ఏసి తాళం చెవి మొలతాడుకి కట్టుకునేటోడు. ఎలచ్చన్లు వస్తే పోలీస్‌స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేటోడు. ఆ రసీదు మడత పెట్టి పంచాంగంలో పెట్టేవాడు, నాకు ఇంకా కండ్లకి కట్టినట్టుంది. తుపాకీ యాడ, తూటా యాడ, రెండూ ఒకచోట ఉండగూడదు అని చెప్పేటోడు. హ్యూస్టన్‌లో నేనూ అట్లే పెట్టుకుంటా.

ఎడిసన్_అన్న
మా న్యూజెర్సీ కథ కూడా వినండి. ఇక్కడ రైఫిల్ కొనాలంటే ముందు ఫైర్‌ఆర్మ్స్ పర్చేజర్ ఐడీ కార్డు కావాలి. వేలిముద్రలు, తెలిసినవాళ్ల రిఫరెన్సులు, అన్నీ అయ్యి కార్డు రావడానికి నాకు రెండు నెలలు పట్టింది. మ్యాగజైన్‌లో 10 కంటే ఎక్కువ పట్టకూడదు. 10/22కి కంపెనీ ఇచ్చేదే 10 తూటాల గుండ్రటి మ్యాగజైన్ కాబట్టి ఇబ్బంది లేదు. పైన ఎవరో రాసింది చదివి డబ్బులు కట్టేసే ముందు మీ రాష్ట్రం చట్టం చూసుకోండి. ఇల్లినాయ్‌లో ఎఫ్ఓఐడీ (తుపాకీ ఓనర్ ఐడీ) కార్డు కావాలి, పైగా 2023 నుంచి ఏఆర్ లాంటివి కొత్తగా అమ్మడం లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలోనూ 2023లోనే ఆపేశారు. సియాటెల్ మనవాళ్లు టెక్సాస్ వీడియోలు చూసి ఆశపడొద్దు.

బే_ఏరియా_బాబీ
మాకు కొన్నాక 10 రోజులు ఆగాలి. డబ్బులు కట్టి, గన్ను షాపులో వదిలి ఇంటికొచ్చేయాలి. మా 10/22 కోసం మా ఆవిడ రోజూ "పురుడు ఎప్పుడు" అని అడిగేది.

లక్ష్మి_ఆస్టిన్
బాబీ గారూ మీరు 10/22 కొనుక్కుని శీను గారికి ఏఆర్ అమ్ముతున్నారా!

బే_ఏరియా_బాబీ
దొరికిపోయా. మాకు ఆ గ్రిప్, మ్యాగజైన్ బిగింపు రూల్స్ ఏఆర్ లాంటి సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో దెబ్బ పడే) రైఫిళ్లకే కాబట్టి .22 మామూలుగా వస్తుంది, అందుకే కొన్నా. కానీ నిజంగా చెప్తున్నా, దాన్ని కొన్నందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు. సరే, నా ఓటు మార్చుకుంటున్నా.

ఓరుగల్లు_బిడ్డ
తాళం ముచ్చట వచ్చింది కాబట్టి నాది చెప్త. సేఫ్ తాళంచెవి దేవుని గూట్ల ఎంకన్న ఫోటో ఎనక పెట్టిన. అక్కడ పిల్లలు చెయ్యి పెట్టరని నా ధీమా. ఒకనాడు మా ఆరేండ్ల బిడ్డ దీపం పెట్టేటప్పుడు అడిగింది, "డాడీ, దేవుని ఎనక కీ ఎందుకున్నది?" అని. నా పానం జారిపోయింది. ఎన్ని రోజులసంది తెలుసో దానికి. గదే రోజు పొయ్యి కోడ్ ఉన్న సేఫ్ తెచ్చిన. దాచిపెట్టుడు వేరు, తాళం వేసుడు వేరు అన్నా. పిల్లలకు ఇంట్ల తెల్వని జాగ ఉండదు.

ఫ్రిస్కో_శీను
ఈ పోస్ట్ మా ఆవిడకి చదివి వినిపించా. మాధవి గారిది కూడా. గంట మాట్లాడుకున్నాం. తను వద్దనలేదు, కానీ రైఫిల్ కంటే ముందు సేఫ్ ఇంట్లోకి రావాలంది. ఆ మాట నాకు నచ్చింది. ఇప్పుడు 600లో సేఫ్ కూడా రావాలి కాబట్టి ఏఆర్ దానంతటదే పక్కకి పోయింది.

పాత_కాపు
లెక్క వేద్దాం. 10/22 మామూలు కార్బైన్, చెక్క బట్ కాకుండా సింథటిక్‌ది, 300 అటూఇటూ. డాలస్ వైపు పన్ను 8.25 శాతం, అంటే 325. గోడకి బోల్టులు బిగించే చిన్న స్టీల్ క్యాబినెట్ 130. చెవులకి మఫ్స్, కళ్లకి అద్దాలు ఇద్దరికీ కలిపి 50. ఒక బ్రిక్ 40. మొత్తం 545. మిగిలిన 55 శుభ్రం చేసే సామానుకి, మొదటి రెండుసార్లు రేంజ్ ఫీజుకి. స్కోప్ ఇప్పుడే కొనొద్దు. రైఫిల్ మీదే ఉండే ఇనుప గురితో మూడు నెలలు కాల్చు.

ఆన్‌లైన్‌లో 20 డాలర్లు తక్కువ ఉందని ఆశపడకు. అది నీ ఇంటికి రాదు, లైసెన్సున్న డీలర్ దగ్గరికే వస్తుంది. అతను ట్రాన్స్‌ఫర్ ఫీజు 30 తీసుకుంటాడు. ఇంటి దగ్గర షాపులో కొంటే రేపు ఏదైనా అయితే అడగడానికి మనిషి ఉంటాడు.

సీమ_పెద్దోడు
సెకండ్ హ్యాండ్ చూడమందాం కదా? పాత మార్లిన్ 60 నాకు 120కే దొరికింది. గొట్టం కింద ట్యూబులో తూటాలు పోసుకునేది. బంగారం మాదిరి కొడతాది.

పాత_కాపు
మార్లిన్ 60 మంచిదే, 1960 నుంచి లక్షల్లో అమ్ముడుపోయింది. కానీ మొదటిసారి కొనేవాడికి ట్యూబ్ మ్యాగజైన్ చిక్కు. ఖాళీ అయిందో లేదో చూడటం కష్టం, ఒక తూటా లోపల ఇరుక్కుని ఉండిపోవచ్చు. ఊడదీసే మ్యాగజైన్ ఉన్నదైతే తీసి బల్ల మీద పెడితే సగం భయం పోతుంది. 10/22 కూడా 1964 నుంచి ఉంది. అందుకే దాని విడిభాగాలు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి.

లక్ష్మి_ఆస్టిన్
సగం భయం అన్నారు చూడండి, మిగతా సగం నేను చెప్తా. 10/22లో ఒక సంగతి ఎవరూ కొత్తవాళ్లకి చెప్పరు. ఆఖరి తూటా అయిపోయాక బోల్టు (తూటాని లోపలికి తోసే ఇనుప ముక్క) వెనక్కి ఆగిపోదు, మూసుకుపోతుంది. బయటికి చూస్తే నిండుగా ఉన్నప్పుడూ అంతే, ఖాళీగా ఉన్నప్పుడూ అంతే. అందుకని ప్రతిసారీ ఇదే వరస: మ్యాగజైన్ తియ్యి, బోల్టు వెనక్కి లాగు, చిన్న మీట నొక్కి అక్కడే ఆపు, చేంబర్‌లోకి (తూటా కూర్చునే చోటు) కళ్లతో చూడు, చిటికెన వేలు పెట్టి తడుము. మ్యాగజైన్ తియ్యకుండా బోల్టు లాగితే ఇంకో తూటా లోపలికెళ్లి కూర్చుంటుంది, ఖాళీ చేశాననుకుంటారు. వరస తప్పకూడదు.

స్మిత్ అండ్ వెసన్ ఎంపీ15-22 లో ఆఖరి తూటాకి బోల్టు వెనక్కి ఆగుతుంది. ఏఆర్ లాగే మీటలు ఉంటాయి, తూటా మాత్రం .22. రేపు ఏఆర్ కొనాలని ఉన్నవాళ్లకి అది మంచి దారి, కానీ 10/22 కంటే వంద పైన ఎక్కువ.

గోదారి_గట్టు
.22 కదా, పిల్లలాట అనుకునేరు. నేనూ అలాగే అనుకున్నానండి. తూటాల డబ్బా మీద చదవండి, ఒకటిన్నర మైలు దాకా ప్రమాదం అని రాసుంటుంది. మా రాజమండ్రి రోడ్ కం రైలు వంతెన మీద ఒడ్డున నిలబడి సగం వంతెన దాటి ఇంకా ముందుకి చూసినంత దూరం. వెనకాల మట్టికట్ట లేనిచోట కాల్చకూడదు.

ఓరుగల్లు_బిడ్డ
ఇంకోటి. .22 అప్పుడప్పుడు పేలదు. క్లిక్ అని ఊకుంటది. ఎంబడే బోల్టు గుంజకు. ముప్పై సెకన్లు గొట్టం టార్గెట్ దిక్కే పెట్టి ఆగు. లేటుగ పేలే ఛాన్స్ ఉంటది. నేను అంకెలు పైకే లెక్కపెడ్త, పక్క లేన్ల అమెరికావోడు నవ్విండు ఒకసారి. నవ్వుకోనియ్.

మాధవి_ఆర్
ఇండోర్ రేంజ్ నుంచి వచ్చాక చేతులు కడుక్కోవడం గురించి ఎవరూ చెప్పలేదేం? సీసం పొడి బట్టల మీద, జుట్టులో ఉంటుంది. నేరుగా వచ్చి 3 ఏళ్ల బాబుని ఎత్తుకోకండి. సబ్బుతో చల్లటి నీళ్లలో కడిగి, బట్టలు మార్చి, అవి విడిగా ఉతికి, అప్పుడు ఎత్తుకోండి.

లక్ష్మి_ఆస్టిన్
మాధవి గారూ, వద్దంటూనే అందరికన్నా పనికొచ్చే మాట మీరే చెప్తున్నారు.

మాధవి_ఆర్
కొంటారని తెలిసిపోయింది, ఇంక పిల్లల వైపు నుంచి ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

హెచ్1_హరి
ఇండియాలో ఇలాంటివి కొనుక్కోవచ్చా? తిరిగి వెళ్లిపోతే అక్కడే నేర్చుకుందామని.

ఎడిసన్_అన్న
సెమీ ఆటోమేటిక్ రైఫిల్ సామాన్యుడికి దొరకదు హరీ, 1959 ఆయుధాల చట్టం చాలా గట్టిది. కానీ .177 ఎయిర్ రైఫిల్, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నది, 2016 నిబంధనల ప్రకారం లైసెన్స్ లేకుండా కొనుక్కోవచ్చు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. గురి నేర్చుకోవడానికి తూటా మందే ఉండాలని ఏం లేదు.

హెచ్1_హరి
అన్నా ఇది బాగుంది. ఇక్కడ ఎయిర్ రైఫిల్ నాకు కుదురుతుందా?

పాత_కాపు
ఫెడరల్ చట్టంలో ఫైర్‌ఆర్మ్ అంటే పేలుడుతో తూటాని తోసేది. గాలితో తోసేది ఆ నిర్వచనంలోకి రాదు. రాష్ట్రాన్ని బట్టి తేడాలున్నాయి, న్యూజెర్సీలో ఎయిర్ గన్నుని కూడా ఫైర్‌ఆర్మ్ కిందే చూస్తారు. టెక్సాస్‌లో ఆ గొడవ లేదు. ఎయిర్ రైఫిల్ తీసుకుని పది మీటర్లలో మొదలుపెట్టు. గ్రీన్ కార్డు వచ్చేసరికి మమ్మల్ని మించిపోతావ్.

ఫ్రిస్కో_శీను
నిన్న షాపుకెళ్లా. సేఫ్ పోయిన వారమే గోడకి బిగించాం. 4473 నింపా, గ్రీన్ కార్డు నెంబర్ రాశా, అన్నీ నిజాలే. తీరా డ్రైవింగ్ లైసెన్స్ చూసి వాపసు ఇచ్చేశాడు. లైసెన్స్ మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ ఉంది. ఇల్లు మారి నాలుగు నెలలైంది, మార్పించలేదు. తప్పు నాదే. ఇవాళ అప్లై చేశా.

పాత_కాపు
మంచి షాపు. అలా వాపసు పంపేవాడి దగ్గరే కొను. కొత్త కార్డు వచ్చాక వెళ్లినప్పుడు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో "డిలేడ్" అని వస్తే కంగారు పడకు. వేరే దేశంలో పుట్టిన పేర్లకి, అందులోనూ ఇంటిపేరు ఒకచోట ముందు ఒకచోట వెనక ఉన్న మనలాంటి వాళ్లకి అలా పడటం నేను చాలాసార్లు చూశా. తిరస్కారం అని కాదు దాని అర్థం.

ఇంకోటి రాసి పెట్టుకో. రేపు సిటిజన్‌షిప్‌కి ఎన్-400 నింపేటప్పుడు ఆయుధాల శిక్షణ తీసుకున్నారా అని ఒక ప్రశ్న ఉంటుంది. క్లాసుకి వెళ్తే వెళ్లానని రాయి, దాచకు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి కూడా ఆయుధాల కేసులో శిక్ష పడితే డిపోర్టేషన్ దాకా పోతుంది. ఇంకొకరి కోసం నీ పేరు మీద కొనివ్వడం అసలు చెయ్యకు, ఎంత దగ్గరి స్నేహితుడైనా.

ఎడిసన్_అన్న
ఆ ఆఖరి మాట పెద్దక్షరాల్లో రాయాల్సింది. "అన్నా నాకు హెచ్1 కదా, నీ పేరు మీద తీసుకో, డబ్బులు నేనిస్తా" అని నన్నే ఒకడు అడిగాడు. అది స్ట్రా పర్చేజ్. ఇద్దరూ జైలుకే.

సీమ_పెద్దోడు
శీనూ, కార్డు వచ్చిందా? మూడు వారాలైంది, అలికిడి లేదు.

ఫ్రిస్కో_శీను
వచ్చింది. కొన్నా. పాత_కాపు గారు చెప్పినట్టే డిలేడ్ పడింది, రెండు రోజులకి షాపు నుంచి ఫోన్ వచ్చింది. 10/22, నల్ల సింథటిక్. మొత్తం లెక్క 571 తేలింది.

నిన్న శనివారం మేమిద్దరం వెళ్లాం, పిల్లల్ని పక్కింటి అత్తమ్మ గారి దగ్గర వదిలి. ముందు లక్ష్మి గారి వరస ఇంట్లోనే, తూటాలు లేకుండా, ఇరవైసార్లు చేశా. మ్యాగజైన్, బోల్టు, మీట, కన్ను, వేలు. ఇరవయ్యోసారికి చెయ్యి దానంతటదే వెళ్లింది. రేంజ్‌లో 25 గజాల దగ్గర కాగితం పెట్టాం. నా మొదటి పది పెసరట్టంత వెడల్పున పడ్డాయి. తర్వాత ఆవిడతో డమ్మీలు కలిపి నింపించా. మూడో నొక్కుకి క్లిక్. గొట్టం చివర స్పష్టంగా కిందకి దూకింది. వెనకాల నిలబడ్డ ఆవిడ కూడా చూసింది. "ఇందాకటి నుంచి అదే చేస్తున్నావ్" అంది.

అక్కణ్ణుంచి ఊపిరి సగం వదిలి నెమ్మదిగా నొక్కడం మొదలుపెట్టా. ఆఖరి పది ఇడ్లీ అంత చోటులో పడ్డాయి.

లక్ష్మి_ఆస్టిన్
మొదటి రోజే పెసరట్టు నుంచి ఇడ్లీకి వచ్చారా! చాలా బాగుంది. ఎడమ మోచెయ్యి రైఫిల్ కిందకి తెచ్చి చూడండి, పక్కకి పొడుచుకొచ్చి ఉంటే ఇంకా ఊగుతుంది. మీ దగ్గర్లో ప్రాజెక్ట్ యాపిల్‌సీడ్ వాళ్లు శని ఆదివారాలు నేర్పిస్తుంటారు, అందులో సగం మంది 10/22లతోనే వస్తారు. రైఫిల్ స్లింగ్ (పట్టీ) ఒకటి కొనుక్కుని ఇద్దరూ వెళ్లండి.

మాధవి_ఆర్
చేతులు కడుక్కున్నారా?

ఫ్రిస్కో_శీను
కడుక్కున్నాం మాధవి గారూ. బట్టలు గరాజ్‌లోనే మార్చుకున్నాం. బాబు తలుపు దగ్గర చేతులు చాపి ఏడుస్తున్నాడు, అయినా సబ్బు అయ్యేదాకా ఎత్తుకోలేదు.

ఓరుగల్లు_బిడ్డ
వదినె ఎట్ల కొట్టింది? అది చెప్పలేదు నువ్వు.

ఫ్రిస్కో_శీను
తన మొదటి పదే ఇడ్లీ. ఇంకో మ్యాగజైన్ కొనమంటోంది, వచ్చే శనివారానికి.